సొరచేప మాత్రలు, నూనె, క్రీము, మాంసం: ఏది తీసుకోవచ్చు, ఏది వద్దు, బదులుగా ఏముంది

మోకాళ్ళ నొప్పులతో బాధపడుతున్న మా మేనత్తకి దగ్గరివాళ్ళెవరో ఒక డబ్బా తెచ్చిచ్చారు. మీద నీలం రంగు సముద్రంలో దూసుకెళ్తున్న సొరచేప బొమ్మ. దాని కింద లావు అక్షరాల్లో ‘షార్క్ కార్టిలేజ్, 750 మి.గ్రా.’ అని ఉంది. వెనక్కి తిప్పితే ఇంకో వాక్యం ఉంది, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేస్తేగానీ చదవలేనంత సన్నటి అక్షరాల్లో: ఇది ఏ జబ్బునీ నయం చేయడానికో, రాకుండా ఆపడానికో ఉద్దేశించినది కాదు. అత్తయ్య గుండె కోసం రక్తం పలచబడే మందు వాడుతుంది. ‘చేప పొడే కదా, మంచి చేయకపోతే పోనీ, చెడు మాత్రం చేయదుగా?’ అని నన్ను అడిగింది.

సరైన జవాబు చెప్పాలని కూర్చుంటే సంగతి మోకాళ్ళతో ఆగలేదు. సొర పేరు మీద క్యాన్సర్‌కి మాత్రలున్నాయి, రోగనిరోధక శక్తికి నూనె ఉంది, ముడతలకి క్రీము ఉంది, బలానికి మాంసం ఉంది. ప్రతిదాని వెనకా ఒక నమ్మకం ఉంది. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటే. ‘సొరచేప’ అనేది మందు పేరు కాదు. డబ్బాలో ఉన్న అసలు పదార్థం ఏమిటి, మీ ఇబ్బంది ఏమిటి, అదే ఇబ్బందికి ఇంతకంటే బాగా పరీక్షించినది ఇంకేముంది అని అడిగి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అలా చూసినప్పుడు దాదాపు ప్రతిసారీ సొర లేని దారే మేలుగా తేలుతుంది.

సొరకి క్యాన్సర్ రాదట, మరి ఆ మాత్రలు వాడితే?

దీని గురించే ఎక్కువ చెప్పాలి. ఇక్కడ పొరపాటు చేస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. క్యాన్సర్ గడ్డ పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి, వాటిని రానివ్వకుండా చేస్తే గడ్డకి తిండి అందదు అని 1971లో జూడా ఫోక్‌మన్ అనే అమెరికా సర్జన్ ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. మన చెవి డొప్పలో, ముక్కు కొనలో, కీళ్ళ చివర్లలో కొంచెం వంగుతూనే గట్టిగా ఉండే పదార్థం ఉంది చూడండి, దాన్నే మృదులాస్థి, అంటే కార్టిలేజ్ అంటారు. అందులో రక్తనాళాలు ఉండవు. అంటే వాటిని రానివ్వనిదేదో అందులో ఉండి ఉండాలి. 1975లో ఫోక్‌మన్ బృందం కుందేలు మృదులాస్థితో, 1983లో ఆన్ లీ, రాబర్ట్ లాంగర్ బాస్కింగ్ షార్క్ అనే పెద్ద సొర మృదులాస్థితో ప్రయోగాలు చేసి, రక్తనాళాల పెరుగుదలని అడ్డుకునే పదార్థం అందులో ఉందని చూపించారు. సొర ఒంట్లో ఎముకలే ఉండవు, అస్థిపంజరమంతా మృదులాస్థే. అందుకే పరిశోధనకి అది మంచి ముడిసరుకు అయింది. ఇంతవరకూ అంతా నికార్సైన సైన్సే.

దారి తప్పింది ఆ తర్వాత. 1992లో విలియం లేన్ అనే ఆయన రాసిన పుస్తకం సొరలకి క్యాన్సర్ రాదని అట్ట మీదే చాటింది. మరుసటి ఏడాది, క్యూబాలో కొద్దిమంది రోగులకి సొర మృదులాస్థి ఇచ్చి చూసిన ప్రయోగాన్ని అమెరికా టీవీలో చూపించారు. దాంతో మాత్రల అమ్మకాలు ఊపందుకున్నాయి. పరిశోధకులు అన్నది ‘ఈ పదార్థాన్ని వేరుచేసి గడ్డ పక్కన పెడితే రక్తనాళాలు తగ్గాయి’ అని. జనానికి చేరింది మాత్రం ‘సొర పొడి తింటే క్యాన్సర్ పోతుంది’ అని.

మొదట ఒక మాట తేల్చేద్దాం. సొరలకి క్యాన్సర్ వస్తుంది. 2004లో గ్యారీ ఓస్ట్రాండర్ బృందం పాత రికార్డులన్నీ తిరగేసి, సొరల్లోనూ వాటి దగ్గరి బంధువులైన టేకు చేపల్లాంటి వాటిలోనూ కలిపి 42 కణితుల కేసులు లెక్క తేల్చింది. వాటిలో కొన్ని నిఖార్సైన క్యాన్సర్లే. 2013లో ఆస్ట్రేలియా సముద్రంలో కనిపించిన ఒక తెల్ల సొర కింది దవడ మీద దాదాపు అడుగు వెడల్పున్న గడ్డ ఉంది. సముద్రం అడుగున జబ్బుపడి చచ్చిపోయే సొరలు ఎవరి లెక్కలోకీ రావు కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

పోనీ, రాదనే అనుకుందాం. అయినా తిన్నది గడ్డ దాకా చేరాలిగా? రక్తనాళాల్ని అడ్డుకునే ఆ పదార్థాలు ప్రొటీన్లు. పప్పులోని ప్రొటీన్‌ని కడుపు ఎలా ముక్కలు చేస్తుందో వీటినీ అలాగే ముక్కలు చేస్తుంది. ప్రయోగశాలలో గడ్డ పక్కనే పెట్టిన పదార్థానికీ, మింగిన మాత్రకీ ఉన్న తేడా అదే.

ఇక మనుషుల మీద చూసిన పరీక్షలు. 1998లో ముదిరిన క్యాన్సర్ ఉన్న 60 మందికి కిలో బరువుకి రోజుకో గ్రాము చొప్పున సొర మృదులాస్థి ఇచ్చారు. ఒక్కరిలో కూడా గడ్డ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. 60 కిలోల మనిషికి అది రోజుకి 60 గ్రాములు. అత్తయ్య డబ్బాలోని 750 మిల్లీగ్రాముల మాత్రలైతే రోజుకి 80 మింగాలి. అంత మోతాదులోనే పని చేయనిది, రోజుకి రెండు మాత్రలతో చేస్తుందని ఎలా నమ్మగలం? 2005లో రొమ్ము, పెద్దపేగు క్యాన్సర్లున్న 83 మంది మీద జరిగిన ఇంకో పరీక్షలోనూ ఆయుష్షు పెరగలేదు, బతుకు నాణ్యతా మెరుగుపడలేదు. పైగా చాలామంది ఆ పొడిని ఎక్కువ రోజులు తీసుకోలేకపోయారు.

అన్నిటికంటే పెద్ద పరీక్ష ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద జరిగింది, ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. అందులో వాడింది మామూలు పొడి కాదు, మందుల ప్రమాణాలతో శుద్ధి చేసిన ద్రవ సారం. మూడో దశలో ఉన్న 379 మందికి కీమోథెరపీ, రేడియేషన్ ఇస్తూ, సగం మందికి ఈ సారం, మిగతా సగానికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది దాటి బతికిన కాలం, 14.4 నెలలు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళది 15.6 నెలలు. ఇంత శ్రద్ధగా తయారుచేసి, ఇంత జాగ్రత్తగా చూశాక కూడా లాభం సున్నా అని తేలింది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. ఫోక్‌మన్ ఆలోచన తప్పు కాదు. అదే దారిలో వెళ్ళి తయారుచేసిన బెవాసిజుమాబ్ అనే మందుకి 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్ కోసం అనుమతి వచ్చింది. దాన్ని నరం ద్వారా ఎక్కిస్తారు. ఏ క్యాన్సర్‌కి, ఏ దశలో, ఎంత ఇవ్వాలో పరీక్షలు చేసి తేల్చారు, దుష్ప్రభావాలు ఏమిటో కూడా తెలుసు. అంటే మృదులాస్థిలో కనపడ్డ ఆశ నిజమైన మందుగా మారి ఆస్పత్రిలో ఉంది. డబ్బాలో ఉన్నది ఆ మందు కాదు.

క్యాన్సర్ అని తెలిసిన ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో, ఎవరు ఏం చెప్పినా ఎలా చేతులు చాస్తామో నాకు తెలుసు. అందుకే ‘ఎవరు చెప్పారు, పారెయ్’ అని కసరకండి. తెచ్చినవాళ్ళు ప్రేమతో తెచ్చారు. ‘డాక్టరుగారికి చూపించి మొదలుపెడదాం’ అంటే చాలు. ముఖ్యంగా రెండు సందర్భాల్లో ఈ మాత్రలు అసలు వద్దు. ఆపరేషన్ ముందూ తర్వాతా వద్దు, గాయం మానాలంటే కొత్త రక్తనాళాలు కావాలి, వాటికి అడ్డు తగిలే అవకాశాన్ని కొనితెచ్చుకోవడం ఎందుకు? రక్తంలో కాల్షియం ఎక్కువ ఉన్నవాళ్ళకీ వద్దు, మృదులాస్థి పొడిలో కాల్షియం బాగా ఉంటుంది. వికారం, వాంతులు, మలబద్ధకం, నోటి రుచి మారిపోవడం లాంటివి మామూలుగా వచ్చే ఇబ్బందులు. అసలే కీమోతో తిండి సయించని మనిషికి ఇవి చిన్నవేమీ కాదు. ఇక మాత్రల మీద ఆశతో అసలు చికిత్స వాయిదా వేస్తే, ఆ పోయిన వారాలు మళ్ళీ రావు.

మోకాళ్ళలో గుజ్జు అరిగిపోతే

‘గుజ్జు అరిగిపోయింది’ అని మనం అనేది మృదులాస్థి గురించే. అరిగిన మృదులాస్థికి మృదులాస్థి తింటే సరిపోతుంది అనిపించడం సహజం. కానీ తిన్న గుజ్జు నేరుగా వెళ్ళి మోకాలి చిప్ప కింద అతుక్కోదు.

సొర మృదులాస్థిలో కీళ్ళకి పనికొస్తుందని చెప్పే పదార్థం కాండ్రాయిటిన్ సల్ఫేట్. ఇది ఆవు, పంది మృదులాస్థి నుంచీ వస్తుంది, సొర నుంచీ వస్తుంది. దీన్ని గ్లూకోసమిన్‌తో కలిపి అమ్ముతారు. అంటే సొర వద్దనుకుని గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ డబ్బా కొన్నా, కాండ్రాయిటిన్ ఎక్కడిదో లేబుల్ మీద చూడాలి. చాలా గ్లూకోసమిన్ రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. అవి పడనివాళ్ళు కూడా చూసుకోవాలి.

వీటి మీద 2006లో అమెరికాలో 1,583 మందితో పెద్ద పరీక్ష జరిగింది. మొత్తం మీద చూస్తే గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ విడిగా ఇచ్చినా కలిపి ఇచ్చినా ఉత్తుత్తి మాత్ర కంటే గట్టిగా మెరుగని తేలలేదు. నొప్పి మధ్యస్థంగానో తీవ్రంగానో ఉన్న చిన్న గుంపులో మాత్రం రెండూ కలిపి తీసుకున్నవాళ్ళలో 79.2 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో 54.3 శాతం మందికి ఉపశమనం కనిపించింది. ఆ గుంపు చిన్నది కాబట్టి దాని మీదే భరోసా పెట్టుకోలేం. బ్రిటన్‌లో చికిత్సల మీద మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో కీళ్ళ అరుగుదలకి గ్లూకోసమిన్ ఇవ్వొద్దనే చెప్పింది.

నన్నడిగితే వరస ఇలా పెడతాను. అన్నిటికంటే ముందు తొడ కండరాల వ్యాయామం, బరువు ఎక్కువ ఉంటే తగ్గించుకోవడం. 2005లో అచ్చయిన ఒక పరిశోధన లెక్క ప్రకారం, ఒంట్లో కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం దాదాపు 4 కిలోలు తగ్గుతుంది. రోజుకి ఎన్ని వేల అడుగులు వేస్తామో అనుకుంటే ఇది ఎంత పెద్ద లాభమో తెలుస్తుంది. ఆ తర్వాత నొప్పి ఉన్నచోట రాసే జెల్, డైక్లోఫెనాక్ లాంటిది. మింగే మాత్ర కంటే కడుపుకీ కిడ్నీలకీ దీంతో ఇబ్బంది తక్కువ. అప్పటికీ తగ్గకపోతే నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు, ఆపరేషన్, ఇవన్నీ డాక్టరు చూసి చెప్పాల్సినవి. గ్లూకోసమిన్ వాడి తీరాలనిపిస్తే మూడు నెలలు వాడి చూసి, తేడా లేకపోతే ఆపేయండి. సొర మృదులాస్థి పొడికి ఈ వరసలో నేను చోటే ఇవ్వను. అది కాండ్రాయిటిన్ ఎంత ఉందో కూడా సరిగ్గా తెలియని కాండ్రాయిటిన్.

అత్తయ్య విషయంలో అసలు ప్రమాదం రక్తం పలచబడే మందు దగ్గర ఉంది. అలాంటి మందుల్లో ఒకటైన వార్ఫరిన్ వాడేవాళ్ళు గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ కలిపి తీసుకున్నప్పుడు రక్తం మరీ పలచబడ్డ సందర్భాలు నమోదయ్యాయి. ‘చెడు మాత్రం చేయదుగా’ అన్న ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. డబ్బా మూత తీయకుండానే పక్కన పెట్టించాం. ఫిజియోథెరపిస్ట్ నేర్పిన వ్యాయామం మొదలుపెట్టింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక కాలు మెల్లగా చాపి, పాదం తన వైపు వంచి, 5 అంకెలు లెక్కపెట్టి దించడం. ఒక్కో కాలికి 10 సార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదటి వారం తొడ వణికేది. రెండు నెలలకి మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కగలుగుతోంది.

న్యాయంగా ఒక సంగతి చెప్పాలి. సొర మృదులాస్థి వైద్యంలో నిజంగా పనికొచ్చిన చోటు ఉంది. ఒళ్ళు తీవ్రంగా కాలినవాళ్ళ కోసం జాన్ బర్క్, అయోనిస్ యానాస్ కలిసి ఆవు కొల్లాజెన్, సొర కాండ్రాయిటిన్‌తో ఒక పొర తయారుచేశారు. 1981లో దాని ఫలితాలు బయటపెట్టారు, 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. చర్మం పోయిన చోట దాన్ని పరిస్తే, దాన్ని ఆసరా చేసుకుని కింద కొత్త చర్మపు పొర పెరుగుతుంది. ఇది డాక్టరు గాయం మీద పరిచేది. మాత్రతో దానికి పోలిక లేదు.

మూడు నూనెలు, మూడు వేరు వేరు పనులు

సొర కాలేయం నూనె, కాడ్ లివర్ ఆయిల్, చేప నూనె. ఈ మూడూ ఒకటే అనుకుని కొనేవాళ్ళు చాలామంది. మూడూ మెరిసే మెత్తటి గోలీల్లాగే ఉంటాయి మరి.

లోతు సముద్రపు సొరలకి గాలి తిత్తి ఉండదు. నీళ్ళలో తేలడానికి వాటికి పెద్ద కాలేయం, అందులో తేలికైన నూనె ఉంటాయి. ఆ నూనెలో ఎక్కువ భాగం స్క్వాలీన్ అనే జిడ్డు పదార్థం. గుండెకి మంచివని మనం వినే ఒమేగా-3 కొవ్వులు అందులో తక్కువ. రోగనిరోధక శక్తిని పెంచుతుందని, క్యాన్సర్‌ని ఆపుతుందని ఆ నూనె మీద రాసే మాటలకి మనుషుల మీద జరిగిన నమ్మదగ్గ పరీక్షల బలం లేదు.

కాడ్ అనే చేప కాలేయం నుంచి తీసే నూనెలో ఒమేగా-3తో పాటు విటమిన్ ఎ, డి బాగా ఉంటాయి. చేప నూనె అనేది చిన్న చేపల ఒంట్లోంచి తీసేది, అందులో ఒమేగా-3 ఎక్కువ, విటమిన్ ఎ నామమాత్రం. కాబట్టి ఒమేగా-3 కోసమైతే చేప నూనె తీసుకోండి. శాకాహారులైతే నాచు నూనె ఉంది, చేపలకి కూడా ఆ ఒమేగా-3 మొదట వచ్చేది నాచు నుంచే. విటమిన్ డి తక్కువుంటే విటమిన్ డి మాత్రే వాడండి. గర్భంతో ఉన్నవాళ్ళు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు కాలేయం నూనెలు ఏవైనా సరే మానుకోవాలి. విటమిన్ ఎ మోతాదు మించితే కడుపులో బిడ్డకి అవయవ లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. పెద్దవాళ్ళకి రోజుకి 3,000 మైక్రోగ్రాములు దాటకూడదు.

ఒకప్పుడు సొర కాలేయానికి నిజంగానే గిరాకీ ఉండేది. 1930లు, 40లలో విటమిన్ ఎ కోసం అమెరికా పడమటి తీరంలో సూప్‌ఫిన్ అనే సొరని విపరీతంగా పట్టారు. విటమిన్ ఎని ప్రయోగశాలలో చౌకగా తయారుచేయడం వచ్చాక ఆ అవసరమే పోయింది. ఆ సొరల సంఖ్య మాత్రం అప్పటికే బాగా పడిపోయింది.

చంటిపిల్లలకీ, మింగడం కష్టమైన ముసలివాళ్ళకీ ఈ నూనెని స్పూనుతో పట్టించకండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే నూనె వల్ల వచ్చే న్యుమోనియా వస్తుంది, స్క్వాలీన్‌తో అలా జరిగిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

క్రీముల్లో స్క్వాలేన్

స్క్వాలీన్‌ని 1906లో జపాన్‌లో మిత్సుమారు త్సుజిమోతో సొర నూనెలో కనిపెట్టారు. ఆ పేరు సొర జాతి పేరు నుంచే వచ్చింది. కానీ అది సొర సొత్తు కాదు. మన చర్మం మీది జిడ్డులో దాదాపు 12 శాతం అదే. ఆలివ్ నూనెలో ఉంది, తోటకూర జాతి గింజల్లో ఉంది. గాలి తగిలితే త్వరగా చెడిపోతుంది కాబట్టి దానికి హైడ్రోజన్ జోడించి స్క్వాలేన్‌గా మార్చి క్రీముల్లో వేస్తారు.

సొర నుంచి వచ్చినా, ఆలివ్ నుంచి వచ్చినా, చెరకు చక్కెరని ఈస్ట్‌తో పులియబెట్టి చేసినా స్క్వాలేన్ అణువు ఒక్కటే. చర్మానికి తేడా తెలియదు. కాబట్టి ఇక్కడ ఎంపిక తేలిక, మొక్కల నుంచి వచ్చినదే తీసుకోండి. చిక్కంతా లేబుల్ దగ్గరే, అక్కడ ఉత్త ‘స్క్వాలేన్’ అనే ఉంటుంది. ‘మొక్కల నుంచి’, ‘ఆలివ్ నుంచి’, ‘చెరకు నుంచి’ అని స్పష్టంగా రాసిన డబ్బా ఎంచుకోండి. రాయకపోతే కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. సొరలు ఆలస్యంగా ఎదుగుతాయి, తక్కువ పిల్లల్ని కంటాయి. సొరలు, టేకులు, వాటి బంధువుల జాతుల్లో మూడో వంతుకి పైగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయని 2021 అంచనా. అదే అణువు మొక్కలో దొరుకుతున్నప్పుడు ముఖానికి రాసుకునే తేమ కోసం ఒక ప్రాణిని లోతు సముద్రం నుంచి లాగడం నాకు ఏ కోశానా సమ్మతం కాదు.

టీకాల సంగతి కూడా అడుగుతుంటారు. వయసు మళ్ళినవాళ్ళకి ఇచ్చే కొన్ని ఫ్లూ టీకాల్లో, టీకా బాగా పట్టడానికి ఎంఎఫ్59 అనే సహాయక పదార్థం వేస్తారు. అందులో డోసుకి 10 మిల్లీగ్రాముల లోపు సొర స్క్వాలీన్ ఉంటుంది. 1997 నుంచి వాడుతున్నారు. మన కాలేయం కొలెస్ట్రాల్ తయారుచేసే దారిలో స్క్వాలీన్‌ని రోజూ చేస్తూనే ఉంటుంది, కాబట్టి ఒంటికి అది కొత్తది కాదు. ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాల్లో అయితే అది అసలు లేదు. దీన్ని సాకుగా పెట్టుకుని టీకా మానుకోకండి. మొక్కల స్క్వాలీన్‌తో టీకాలు చేయాలని అడగడం వేరే మాట, అది అడగాల్సిందే.

మాంసం, రెక్కలు

సొర మాంసం బలమనే మాటలో కొంత నిజం ఉంది, ప్రొటీన్ దండిగా ఉంటుంది. ఏ చేపలో ఉండదు? తేడా పాదరసం దగ్గర వస్తుంది. సముద్రంలో కలిసిన పాదరసం సూక్ష్మజీవుల వల్ల మిథైల్ మెర్క్యురీగా మారి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి పోగుపడుతూ వస్తుంది. ఆ వరసలో పైన, ఎక్కువ ఏళ్ళు బతికేది సొర. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ కొలతల్లో సొర మాంసంలో సగటున 0.979 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు అనే లెక్క) పాదరసం ఉంది. సాల్మన్‌లో 0.022, సార్డిన్ కవళ్ళలో 0.013. అంటే కవళ్ళతో పోలిస్తే 75 రెట్లు.

బాగా ఉడికించినా, కొవ్వు తీసేసినా అది పోదు, ఎందుకంటే అది కండలోని ప్రొటీన్‌కే అతుక్కుని ఉంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు సొర పూర్తిగా మానాలని ఎఫ్‌డీఏ చెబుతుంది. ఎదిగే మెదడు మీద పాదరసం దెబ్బ ఎక్కువ. మిగతా పెద్దవాళ్ళు వారానికి ఒకసారి మించకూడదని బ్రిటన్ ఆరోగ్య శాఖ సలహా. కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపల్లో ప్రొటీన్ అంతే ఉంటుంది, ఒమేగా-3 ఇంకా ఎక్కువ. చేప తినాలంటే అవే తినండి. చాలా దేశాల్లో సొర వేరే పేర్లతో అమ్ముడవుతుంది కాబట్టి పేరు అర్థం కాకపోతే ఏ చేపో అడిగి మరీ కొనండి.

రెక్కల సూపు యవ్వనాన్నిస్తుందన్న మాటకి ఆధారం లేదు. రెక్కకి సొంత రుచి కూడా ఉండదు, సూపు రుచంతా అందులో వేసే రసానిదే. పైగా 2012లో మయామీ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏడు జాతుల సొర రెక్కల్లో బీఎంఏఏ అనే పదార్థాన్ని కనిపెట్టారు. నరాల కణాల్ని దెబ్బతీసే గుణం దానికి ఉంది. మనుషుల్లో నరాల జబ్బులకి అదే కారణమని ఇంకా తేలలేదు, చర్చ నడుస్తోంది. తేలేదాకా రిస్క్ తీసుకోవాల్సినంత లాభం ఆ గిన్నెలో ఏముంది?

నీళ్ళలో దేనికి భయపడాలి

సొర గురించిన భయం కూడా ఒక ఆరోగ్య విషయమే, దానివల్ల తప్పు వైపు జాగ్రత్త పడతాం. 2024లో ప్రపంచం మొత్తం మీద, మనిషి కవ్వించకుండా సొర కరిచిన సందర్భాలు 47 అని ఫ్లోరిడాలోని అంతర్జాతీయ సొర దాడుల నమోదు కేంద్రం లెక్క. నీట మునిగి చనిపోయినవాళ్ళు 2021లో దాదాపు 3 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నెలసరి సమయంలో సముద్రంలో దిగితే సొరలు వస్తాయనే మాటకి ఆధారం లేదు. అందుకోసం ఆడపిల్లలు ఈత మానుకోవాల్సిన పని లేదు.

కాబట్టి సముద్రంలో ఈతకి చోటు ఎంచుకునేటప్పుడు సొర ఉందా అని కాదు, లైఫ్‌గార్డ్ ఉన్నాడా అని చూడండి. తెల్లవారకముందు, చీకటి పడ్డాక, చేపలు పట్టేచోట దిగకండి, ఇది సొరలకీ మిగతా ప్రమాదాలకీ కూడా పనికొచ్చే జాగ్రత్త. ప్రవాహం లోపలికి లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డు పొడుగునా పక్కకి ఈది ఆ లాగుడు తప్పించుకుని, అప్పుడు ఒడ్డుకి రండి. ఎవరికైనా సొర కాటు తగిలితే నీళ్ళలోంచి బయటికి తెచ్చి, గాయం మీద గుడ్డతో గట్టిగా అదిమి పట్టి రక్తం ఆపడమే మొదటి పని.

ఇప్పటికే డబ్బా ఇంట్లో ఉంటే

సొర మాత్రలు, నూనె వాడుతున్నట్టు డాక్టరుకి చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. చెప్పండి. ఉత్త పేరు చెప్పడం కాదు, డబ్బానే తీసుకెళ్ళండి, వెనకవైపు లేబుల్‌తో సహా. రక్తం పలచబడే మందులు, కాల్షియం, విటమిన్ ఎ, త్వరలో ఆపరేషన్, గర్భం, వీటిలో ఏది ఉన్నా ఆ మాట ముందే చెప్పండి. అత్తయ్య డబ్బాని ఆమె డాక్టరు తిప్పి చూసి, కాండ్రాయిటిన్ అన్న పదం కింద పెన్నుతో గీత గీసి, ‘ఇది మొదలుపెట్టలేదు కదమ్మా?’ అని అడిగారు. లేదని చెప్పాక, రక్తపరీక్ష అనుకున్న తేదీకే చేయించుకోమన్నారు.